ద్వీపవాసి యాత్రలో అమర్షము : ఒక పరిశీలన

యాత్రాగ్రంథములను విమర్శించునపుడు మనవారు సామాన్యముగా రెండు విషయములను చూచుచున్నారు. గ్రంథకర్త తాను చూచిన దేశమును గూర్చి మనకేమి తెలియజేసెను అనునది మొదటిది. చూచినదానిని ఎంత రమ్యముగా వర్ణించెను అనునది రెండవది. త్రోవలో అతనికి కలిగిన విసుగును, ఆలస్యములను, బల్లకు ఆవల కూర్చున్న ఉద్యోగితో పడిన జగడములను మనము గ్రంథమునకు వెలుపలి విషయములుగా భావించి విడిచిపెట్టుచున్నాము. అవి మితిమీరినచో దోషముగా కూడ లెక్కించుచున్నాము. ఈ పద్ధతి అన్ని గ్రంథములకును సరిపడదనియు, ముఖ్యముగా కరీబియను ద్వీపములలో పుట్టిన రచయితల విషయమున ఇది మనలను తప్పుదారి పట్టించుననియు చూపుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ఈ ఆలోచనకు మూలమైనది మా తరగతిలో పుట్టిన ఒక ప్రశ్న. ప్రవాససాహిత్యమును బోధించు సందర్భమున వి. ఎస్. నైపాల్ 1964లో ప్రకటించిన 'యాన్ ఏరియా ఆఫ్ డార్క్‌నెస్' అను గ్రంథపు తొలి ప్రకరణమును విద్యార్థులకు పరిచయము చేసితిమి. రెండు మద్యపు సీసాలను సుంకపు అధికారులు పట్టుకొనిరి. వానిని విడిపించుకొనుటకు గ్రంథకర్త బొంబాయి కచ్చేరీల చుట్టు తిరిగెను. కథ ఇంతే. విద్యార్థి యొకడు లేచి, రెండు సీసాలకొరకు ఒక దేశమును నిందించుట సాహిత్యమగునా అని అడిగెను. తరగతి నవ్వినది. మేమును నవ్వితిమి. కాని ఆ సాయంకాలము తెల్లాపూరునందలి మా ఇంటికి తిరిగి వచ్చునపుడు జరిగిన చిన్న విషయ మొకటి ఆ నవ్వును నిలువనీయలేదు. దానిని దాని తావున చెప్పెదము. ప్రశ్న మాత్రము త్రోసివేయదగినది కాదు. దానికి మన అలంకారశాస్త్రమునందే తగిన సాధనము కలదని మా నమ్మకము.

భరతముని చెప్పిన ముప్పదిమూడు వ్యభిచారిభావములలో 'శ్రమ' యొకటి. దూరపుత్రోవ నడచుట, శరీరమునకు ఆయాసము కలుగుట మున్నగునవి దానికి విభావములు. 'అమర్షము' మరియొకటి. విద్యచేతగాని, ఐశ్వర్యముచేతగాని, బలముచేతగాని తనకంటె అధికుడైనవాడు తిరస్కరించినపుడు, అవమానించినపుడు పుట్టునది అమర్షము. ఈ రెండును ప్రయాణమునందు కలుగును. వ్యవహారమున రెండింటికిని మనము విసుగు అను ఒకే మాటను వాడుచున్నాము. కాని భేదము గొప్పది. శ్రమకు త్రోవ కారణము, అమర్షమునకు మనుష్యుడు కారణము. శ్రమ నిద్రతో తీరును. అమర్షము నిద్రపట్టనీయదు, అది ప్రతీకారమునైనను కోరును, ఆత్మపరీక్షయందైనను పర్యవసించును. ఒక గ్రంథమునందలి విసుగు ఈ రెండింటిలో ఏది యని నిర్ణయింపక ఆ గ్రంథమును తూచుట న్యాయము కాదు.

మన భాషలో శ్రమప్రధానమైన యాత్రారచనకు ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర' ఉత్తమోదాహరణము. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ద్విభాషిగా నుండిన వీరాస్వామయ్యగారు 1830 మే 18న బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి పోయి, గయ, కలకత్తా, జగన్నాథముల మార్గమున 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. త్రోవనుండి వారు మిత్రులగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి వ్రాసి పంపిన వృత్తాంతము 1838లో అచ్చుపడినది. బాటల స్థితి, దాటవలసిన నదులు, నీటివసతి, అంగళ్లు, బస చేయదగిన చోట్లు ఇందు మజిలీ మజిలీకిని కనిపించును. కష్టములు లేకపోలేదు. అయినను వానిని చెప్పునపుడు వారి కంఠస్వరము మారదు. వెనుకవచ్చు యాత్రికునకు ఉపయోగపడవలెనను దృష్టియే ప్రధానముగా నుండును. ఏలయన, వారు పెద్ద పరివారముతో, అధికారవర్గమున పరిచయములతో పయనించినవారు. త్రోవలో అడ్డగించువారు ఎదురైనను దాటిపోవుటకు వలసిన పలుకుబడి వారికి కలదు. కనుక వారి గ్రంథమున శ్రమ కలదు, అమర్షమునకు అంతగా తావు లేదు. ఈ గ్రంథమును చదివి ఏర్పరచుకొనిన కొలబద్దతో ద్వీపవాసి రచనను కొలిచినచో, అతడు కేవలము ముక్కోపివలె తోచుట సహజము.

ద్వీపవాసి నిత్యజీవితము ఎట్టిది? మన గోదావరి లంకలవారికి ఈ విషయము విప్పి చెప్పనక్కరలేదు. బడి ఆవలియొడ్డున, ఆసుపత్రి ఆవలియొడ్డున, సంత ఆవలియొడ్డున ఉన్నవానికి ప్రయాణమనునది విలాసము కాదు, ఉప్పుపప్పుల వంటి దినావసరము. పడవ ఎప్పుడు కదలునో నిర్ణయించువాడు అతడు కాడు. వరద వచ్చినచో రేవు మూతపడును. "ఏరు దాటువరకు ఓడమల్లయ్య, ఏరు దాటిన పిమ్మట బోడిమల్లయ్య" అను సామెతను మనము కృతఘ్నతను గూర్చి చెప్పునపుడు వాడుచున్నాము. దానియందు మరియొక సత్యము కూడ ఇమిడియున్నది. ఏరు దాటువరకును, దాటించువాని దయపై ఆధారపడియుండక తప్పదు. ఆ ఆధారపడుట మనుష్యుని మనస్సున ఒక గాయమును మిగుల్చును. ద్వీపమనగా నీటి నడుమ నున్న భూమి యని భూగోళశాస్త్రజ్ఞులు చెప్పుదురు. సాహిత్యవిమర్శకునకు ద్వీపమనగా, దాటుటకు ఎల్లప్పుడు పరుని అనుమతి కావలసిన చోటు.

కరీబియను ద్వీపములలో ఈ స్థితి మరింత తీవ్రము. 1948లో వెస్టిండీస్ విశ్వవిద్యాలయ కళాశాల జమైకాలోని మోనాలో స్థాపితమైనప్పుడు, ట్రినిడాడు యువకుడు అందు చేరవలెనన్నచో వెయ్యిమైళ్లకు మించి సముద్రము దాటవలసియుండెను. హైదరాబాదునుండి ఢిల్లీకి గల దూరముకంటె అది అధికము. ట్రినిడాడులోనే ఒక విద్యాస్థానము ఏర్పడుటకు 1960 వరకు వేచియుండవలసి వచ్చినది. బ్రిటిషువారి యేలుబడిలోని ద్వీపములు 1958లో ఒక సమాఖ్యగా కూడినవి. నాలుగేండ్లు గడచి గడవకమునుపే, 1962లో, ఆ సమాఖ్య విచ్ఛిన్నమైనది. పిమ్మట ఒక్కొక్క ద్వీపమే స్వతంత్రమగుచు వచ్చుటచే, బంధువుల ఇంటికి పోవుటయు దేశాంతరగమనమైనది: పాసుపోర్టు, పత్రములు నింపుట, అధికారి ప్రశ్నలు. అదే 1962లో బ్రిటను కూడ కామన్వెల్తు ప్రజల రాకపై నిర్బంధములు విధించినది. ద్వీపములను కలుపుచుండిన విమానసంస్థలలో ప్రముఖమైన యొకటి 1956లో పుట్టి, 2020లో అప్పులపాలై, 2024 జనవరిలో మూతపడినది. అట్టిది ఆగినచో మనవలె రైలెక్కి పోవుదమను ప్రత్యామ్నాయము అక్కడివారికి లేదు.

ఈ ద్వీపములతో మనకు సంబంధమేమి యని పాఠకులు అడుగవచ్చును. 1845 మొదలు 1917 వరకు ఒక్క ట్రినిడాడుకే భారతదేశమునుండి సుమారు 1,40,000 మంది ఒప్పందపు కూలీలుగా పోయిరి. వారిలో అధికసంఖ్యాకులు కలకత్తా రేవునుండి వెడలిన ఉత్తరాదివారు. కొందరు మద్రాసు రేవునుండి వెడలినవారు. ఫ్రెంచివారి మార్టినీకు, గ్వాడెలూపు ద్వీపములకు 1853, 1854 సంవత్సరములనుండి పోయినవారిలో దక్షిణాదివారే ఎక్కువ. వీరిలో తమిళులు అధికులైనను తెలుగువారును ఉండిరి. సముద్రము దాటుటకు వ్రేలిముద్ర వేసి, దాటిన పిమ్మట తోటను విడిచిపోవుటకు చీటీ అడుగవలసి వచ్చిన ఆ తరము తమ అమర్షమును గ్రంథస్థము చేయలేదు. వారి మనుమలు చేసిరి. ఈ వ్యాసమున పరిశీలింపబడుచున్న రచయితలలో నైపాల్ అట్టి కుటుంబమున పుట్టినవాడు. సామ్యుల్ సెల్వన్ తండ్రివైపు మూలములు మద్రాసువి.

నైపాల్ 1932లో ట్రినిడాడులోని చగువానాసులో జన్మించి, 1950లో విద్యార్థివేతనముపై ఆక్సుఫర్డుకు వెడలెను. ఆ ప్రయాణమును అతడు ముప్పదియేడేండ్ల తరువాత, 1987లో వెలువడిన 'ది ఎనిగ్మా ఆఫ్ అరైవల్' నందు స్మరించెను. ఇంటివారు కట్టియిచ్చిన వేపుడుకోడిని పదునెనిమిదేండ్ల ఆ బాలుడు న్యూయార్కు హోటలు గదిలో, దీపము వెలుగున, చెత్తబుట్టపై వంగి తినెను. పళ్లెము లేదు, కత్తి లేదు; అడుగుటకు సిగ్గు. అంతకుమున్ను కారువాడు అతని అమాయకత్వమును కనిపెట్టి సొమ్ము లాగుకొనెను. ఈ వివరములు కథకు ఏ విధముగను ముఖ్యములు కావు. కాని వానిని ముప్పదియేడేండ్లు మోసినవాని మనస్సెట్టిదో వానివలననే తెలియును. ఇది శ్రమ కాదు. ఎదుటివాడు తనను చిన్నచేయునేమో యను శంకతో మొదలై, చేసినాడను నిశ్చయముతో గట్టిపడిన అమర్షము.

ఈ నేపథ్యమున బొంబాయి ప్రకరణమును మరల చదువవలెను. అప్పుడు బొంబాయిలో మద్యనిషేధము అమలున నుండెను. పట్టుబడిన సీసాలను పొందుటకు అనుమతిపత్రము కావలెను. అది సంపాదించిన పిమ్మట వానిని తరలించుటకు మరియొక అనుమతి కావలెను. ఒక కచ్చేరీనుండి మరియొక కచ్చేరీకి తిరుగుచుండగా గ్రంథకర్త వెంటనున్న స్త్రీ సొమ్మసిల్లి పడిపోయెను. అతడు నీళ్లు నీళ్లని కేకవేసెను. గుమాస్తాలు చూచుచుండిరి గాని లేవలేదు; నీళ్లు తెచ్చుట బంట్రోతు పని. చివరకు నీళ్లు వచ్చెను; పని మరల మొదలాయెను. ఇందు సీసాలు నిమిత్తమాత్రములు. తాతలు ఓడయెక్కిన దేశమునకు, ఈ దేశపు ముఖకవళికలతోనే తిరిగివచ్చినవాడు, ఆ దేశపు వాకిటనే అనుమతికై చేయి చాచి నిలిచెను. ద్వీపమునకు వెలుపల ఎచ్చటనో తనకొక ఒడ్డు కలదని బాల్యమునుండి నమ్మినవానికి, ఆ ఒడ్డున కూడ రేవుబల్ల యొకటి ఎదురైనది. మా విద్యార్థి ప్రశ్నకు సగము సమాధానము ఇందు లభించుచున్నది.

ఇట్టి అమర్షము రచయితలందరియందు ఒకే తీరున పరిణమింపదు. సెల్వన్ 1956లో ప్రకటించిన 'ది లోన్లీ లండనర్స్' నందు అది హాస్యమునకు అంగమగుచున్నది. మంచుకప్పిన చలిరాత్రి మోజెస్ అనువాడు వాటర్లూ స్టేషనుకు పోయి, ద్వీపమునుండి క్రొత్తగా వచ్చు ఒక అపరిచితునికై ఎదురుచూచును. వచ్చినవాడు పలుచని బట్టలతో, సామానేమియు లేక దిగి, తనకు చలియే లేదనును. మోజెసునకు తల పట్టుకొనవలసి వచ్చును. అయినను విసుగుకొనుచునే వానికి ఆశ్రయము చూపును. భూగర్భపు రైలనిన భయపడుచుండిన ముసలి టాంటీ ఒకనాడు విధిలేక ఆ రైలెక్కి, పిమ్మట బస్సెక్కి, గమ్యము చేరి, గెలిచినదానివలె గర్వపడును. ఇక్కడ విసుగుపడువాడే దాటించువాడు కూడ. కావుననే అమర్షమునందలి విషము విరిగి నవ్వుగా మారినది.

ఆంటిగ్వాలో పుట్టిన జమైకా కిన్‌కెయిడ్ 1988లో ప్రకటించిన 'ఎ స్మాల్ ప్లేస్' నందు అమర్షము ఉగ్రతగా మారినది. ఈమె తన ప్రయాణమును చెప్పదు; విహారమునకు వచ్చిన పాఠకుని 'నీవు' అని సంబోధించి, అతని ప్రయాణమునే అతనికి చూపును. విమానము దిగిన విహారి సుంకపుబల్లను సునాయాసముగా దాటిపోవును. పరదేశమున పనిచేసి, బంధువులకు బట్టలు, ఆహారపదార్థములు పెట్టెలలో తెచ్చుకొనిన ద్వీపవాసి అదే బల్లకడ నిలిచిపోవును. 1974 భూకంపమున దెబ్బతిన్న గ్రంథాలయమునకు మరమ్మతు ఏండ్ల తరబడి జరుగకుండుటను ఆమె పదే పదే తలచును. విహారికి తన విసుగునుండి పారిపోవుటకు ఒక ద్వీపము కలదు, ద్వీపవాసికి తన విసుగునుండి పోవుటకు తావును లేదు, పైకమును లేదు అనునది ఆమె వాదసారము. యాత్రాగ్రంథమును చదువు ప్రతివాడును తనను గ్రంథకర్త పక్షమున ఊహించుకొనును. ఆమె ఆ సౌఖ్యమును మనకు నిరాకరించినది.

ఇప్పుడు పూర్వపక్షమును వినవలెను. నైపాల్ కొందరు గుమాస్తాలను చూచి దేశమునంతటిని నిర్ణయించెననుట బలమైన ఆక్షేపణ. బొంబాయినే స్వస్థలముగా గలిగిన కవి నిస్సీం ఎజెకియెల్ 'నైపాల్స్ ఇండియా అండ్ మైన్' అను వ్యాసమున ఆ గ్రంథమునకు గట్టి సమాధానము వ్రాసెను. అతడు దోషములు లేవని చెప్పలేదు. తాను ఆ దోషముల నడుమనే బ్రతుకుచున్నాననియు, నైపాల్ చూపు పాక్షికమనియు వాదించెను. ఈ వాదమును మేము అంగీకరించుచున్నాము. అమర్షము సత్యమును చూపగలదు గాని, సమగ్రమును చూపలేదు. బల్లకు ఆవలనున్న గుమాస్తాకును ఒక ఇల్లు, ఒక జీతము, ఒక భయము ఉండునని బల్లకు ఈవలనున్నవాడు తలపనొల్లడు. నైపాల్ గ్రంథమున ఈ లోపము చోటుచోటున కలదు. దానిని కప్పిపుచ్చుట విమర్శకునకు తగదు.

అయినను ఆ గ్రంథమును నిలబెట్టునది తుదిఘట్టము. గ్రంథకర్త ఉత్తరప్రదేశమున తన తాతగారి గ్రామమునకు పోయెను. బంధువులు వచ్చిరి, ఆశలు పెట్టుకొనిరి, అడిగిరి. అతనికి ఊపిరాడలేదు. జీపు కదలునపుడు ఒక బంధుబాలకుడు పట్టణమువరకు తనను ఎక్కించుకొనుమని కోరెను. ఎక్కించుకొందమా యని ప్రక్కనున్న అధికారి అడుగగా, గ్రంథకర్త ఆ సోమరిని నడువనిమ్మనెను. జీపు వెడలిపోయెను. గ్రంథము తొలుత అనుమతి అడిగి నిలిచినవాడు గ్రంథాంతమున అనుమతి నిరాకరించెను. ఓడమల్లయ్యను వేడుకొనినవాడే ఓడయెక్కినంతనే మరియొకనిని ఒడ్డున విడిచెను. విశేషమేమనగా, ఈ సంగతిని మనకు చెప్పినది శత్రువు కాదు, గ్రంథకర్తయే. తన చేష్టను క్రూరత్వమని అతడే ఒప్పుకొని, తన అసహనమును తానే నిందించుకొనెను. అమర్షము ఇక్కడ నిర్వేదమైనది. ఈ పరిణామము లేకున్నచో బొంబాయి ప్రకరణము కేవలము ఫిర్యాదుగా మిగిలియుండును. తుదిఘట్టమునుండి వెనుకకు తిరిగి చదివినపుడు ఆ రెండు సీసాలకును అర్థము లభించును.

ఇక మా విషయము. మేము నివసించు తెల్లాపూరు ఒకప్పుడు మెదకు జిల్లాలోని గ్రామము, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలోనిది. 1998లో మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట నగరము పడమరకు ప్రాకుచు రాగా, ఇచ్చటి పొలములలో ప్రహరీలు గల నివాససముదాయములు, ఎత్తైన మేడలు లేచినవి. ప్రతి సముదాయమునకు ఒక గేటు, గేటుకడ ఒక కావలివాడు, ఒక పుస్తకము. లోపల కాపురమున్నవారిలో అనేకులు విదేశములు తిరిగివచ్చినవారు, లేదా విదేశములలో బిడ్డలున్నవారు. సాయంకాలపు నడకలో వీసా కొరకు పడిన పాట్లు, విమానాశ్రయములలో అడిగిన ప్రశ్నలు, వ్రేలిముద్రలు, వరుసలు తరచుగా ప్రస్తావనకు వచ్చును. ఆ మాటలలో న్యాయమైన అమర్షమే కలదు.

తరగతిలో నవ్విన ఆ సాయంకాలము మేము ఆటోలో ఇల్లు చేరుచుంటిమి. వాన పడుచున్నది. గేటుకడ కావలివాడు ఆటోను నిలిపి, డ్రైవరు పేరు, ఫోను నంబరు, ఎవరింటికి, ఎంతసేపటికి అని వ్రాయించి, ఫొటో తీయబోయెను. డ్రైవరు మాకంటె పెద్దవాడు. అంకెలు తడబడుచు చెప్పుచుండెను. మేము కావలివానిని ఏమియు అనలేదు. డ్రైవరునే చూచి, "తొందరగా కానీవయ్యా" అని విసుగుకొంటిమి. అతడు వెనుకకు తిరిగి, "పొద్దుగాల సంది ఇది పదో గేటు సారూ, అన్నిట్ల గిదే అడిగిన్రు" అని మాత్రము అనెను. అతని గొంతులో కోపము లేదు. మాది శ్రమ, అతనిది అమర్షము. వానలో ఆలస్యమైనందుకు పలుకు హక్కు మాకుండెను గాని, పదిచోట్ల నిలువబడినందుకు పలుకు హక్కు అతనికి లేకపోయెను. ఆ సోమరిని నడువనిమ్మనిన వాక్యము ఆ క్షణమున మాకు పరాయివాని వాక్యముగా తోచలేదు.

కావున మా ప్రతిపాదన ఇది. యాత్రారచనయందలి విసుగును వెలుపలి విషయముగా త్రోసివేయరాదు. మొదట అది శ్రమయో అమర్షమో నిర్ణయింపవలెను. అమర్షమైనచో, గేటు ఎవరి చేతిలోనున్నదో పరికింపవలెను. తుదకు, ఆ గేటు తన చేతికి వచ్చినపుడు గ్రంథకర్త ఏమి చేసెనో, చేసినదానిని మనకు చెప్పెనో దాచెనో చూడవలెను. నేడు తెలుగున అమెరికా మొదలగు దేశముల యాత్రలను గూర్చియు, ప్రవాసజీవితమును గూర్చియు గ్రంథములు విరివిగా వెలువడుచున్నవి. వానిలో పరదేశపు బల్లకడ పొందిన అవమానము కనిపించునంతగా, స్వదేశమున మన గేటుకడ మనము నిలిపిన మనుష్యుడు కనిపించుట లేదని మా అభిప్రాయము. మొదటిది వ్రాయుటకు అనుభవము చాలును. రెండవది వ్రాయుటకు సాహసము కావలెను.

మరుసటి తరగతిలో ఆ విద్యార్థికి ఈ సమాధానమునే చెప్పితిమి. గేటు సంగతియు దాచలేదు. ఈసారి తరగతిలో ఎవరును నవ్వలేదు. ఆ విద్యార్థి కొంతసేపు ఊరకుండి, తమ తండ్రిగారును ఆటో నడుపుదురని చెప్పి కూర్చుండెను.